రాయల్పాడుకు ఒక సరైన సెకను

రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.
6 జూలై 2025

చిన్నాయనకూ చిన్నమ్మకూ,

ఈ ఉదయం కిటికీ గట్టు మీద బల్లి అడుగులు కనిపించాయి. రాత్రి గాలికి పాత గని వ్యర్థాల సైనైడ్ దిబ్బ దుమ్ము లోపలికి వచ్చి పలుచగా పరుచుకుంది. ఆ అడుగులు నా పుస్తకాల దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాయి. నాకు తుడవబుద్ధి కాలేదు. అమ్మ తుడిచేసింది.

కాన్వెంట్ లైబ్రరీలో పని బాగానే ఉంది. పుస్తకాలు మాట్లాడమని అడగవు. సిస్టర్ మాత్రం అడుగుతారు. సోమవారం ప్రార్థనలో పిల్లలకు ఒక పేజీ చదివి వినిపించమన్నారు. గొంతు నొప్పి అన్నాను. "నువ్వు ఇక్కడ ఆరో తరగతి చదివేటప్పుడు మొదలైన గొంతు నొప్పి కదూ అది" అన్నారు.

చిన్నాయనా, ఏప్రిల్‌లో నా పాత కంప్యూటర్‌ను నీ హ్యామ్ రేడియోకు కలిపి వచ్చాను. చెవులతో పని లేకుండా, దూరదేశాల వాళ్ళ మాటలు తెర మీద అక్షరాలుగా వస్తాయని చెబితే నువ్వు నమ్మలేదు. మే నెల దాటకముందే పదకొండు దేశాల వాళ్ళు నీకు బదులిచ్చారు. ఆ పేర్లన్నీ లైబ్రరీ గ్లోబు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. మే తర్వాత నువ్వు ఒక్క పేరూ రాయలేదు. ఇప్పుడు ఎన్ని?

మీ మామిడి తోటలో ఫోన్ సిగ్నల్ లేదు. ఉన్నా నీకు వినిపించదు. వినిపించినా నాకు ఫోన్‌లో మాటలు రావు. ఉత్తరాలే మనకు నయం. కాన్వెంట్‌లో నేర్పని తెలుగు అక్షరాలను మామిడి పెట్టెల మీద సుద్దముక్కతో నేర్పింది నువ్వే కాబట్టి, ఇందులో తప్పులుంటే అవి నీవి.

నేత్రావతి

*

రాయల్పాడు
14 జూలై 2025

అమ్మా నేత్రా,

తప్పులేమీ లేవు. నాకంటే బాగా రాసినావు. నేను మాట్లాడినట్టే రాస్తా, సరిదిద్దొద్దు.

కాయ కోతలు అయిపోయినాయి. ఈసారి తోతాపురి బాగా దిగినాది. వానకు రాగులు చల్లినాము. ఎర్రావు ఈనినాది, ఆడదూడ. మీ చిన్నమ్మ దానికి నీ పేరు పెడతానంటే వద్దన్నా. అది ఒకటే అరుస్తా ఉండాది, నీ పేరు దానికి ఒప్పదు.

దేశాలు ఎన్నని అడిగినావు. అదే పదకొండు. ఇంగ పెరగలేదు. మే నెల ఆఖరులో తగ్గతా వచ్చినారు, జూన్‌లో ఒక్కడూ లేడు. తెర మీద పసుపు గీతలు దిగతానే ఉండాయి. అంటే వాళ్ళు మాట్లాడతానే ఉండారు. నాకు అక్షరాలు రావు, అంతే. నోళ్ళు కదిలేది కనిపిస్తాది, మాట తెలీదు. మైనులో డ్రిల్లు మిషన్ నా చెవులు ఎత్తకపోయిన కొత్తలో ఇట్లే ఉండె. మళ్ళా అదే వచ్చినాదని అనుకున్నా.

చెట్టెక్కి ఏరియల్ వైరు చూసినా. యాడా తెగలేదు. కింద నిలబడి మీ చిన్నమ్మ ఏమన్నాదో, నేను దిగినాక మళ్ళా చెవిలో అరిచి చెప్పినాది: "పడితే కాయల బుట్టలో పెట్టి శ్రీనివాసపురం మండీకి పంపిస్తా, ఎవరన్నా కొంటారేమో చూద్దాం." ఆమె నా కుడిచెవి కాడ అరిస్తే కొంచెం వినబడతాది. ఆపైన ఇంగొకటి, "చెవుడు నీకా, ఆ డబ్బాకా? ఎవరో ఒకరికి మందు వేయించు" అన్నాది.

కోలార్‌లో నందీశ్ అని నా రేడియో స్నేహితుడు ఉండాడు గదా, కాలేజీ పిల్లోళ్ళకు నేర్పిస్తాడు. రేడియో ఎత్తకపొమ్మని చెప్పి పంపినా. వినాయక చవితి అయినాక వచ్చే ఆదివారం వస్తాడు. వాళ్ళకన్నా పనికొస్తాది. నీ కంప్యూటర్ నీకు పంపిస్తా. బేజారు చేసుకోవద్దు తల్లీ. మనుషులు ఒకరొకరుగా జారుకునేది నాకు కొత్త కాదు.

మీ అప్పను, మా అన్నను, అడిగినానని చెప్పు.

ఓబలప్ప

*

రాబర్ట్‌సన్‌పేట
19 జూలై 2025

చిన్నాయనా,

రేడియో ఇవ్వొద్దు. మిగతాది తర్వాత చదువు, ముందు ఈ మాట చదువు.

ఎవరూ జారుకోలేదు. నీ రేడియో బాగుంది, వైరు బాగుంది. కంప్యూటర్ గడియారం తప్పింది.

ఈ పద్ధతిలో ప్రపంచమంతా వంతులు వేసుకుని మాట్లాడుతుంది. నిమిషాన్ని నాలుగు ముక్కలు చేస్తారు. ఒక ముక్కలో ఒకరు పంపుతారు, తర్వాతి ముక్కలో ఎదుటివాళ్ళు పంపుతారు. ఎవరూ ఎవరినీ అడగరు, అందరూ తమ గడియారాన్నే చూసుకుంటారు. నీ గడియారం రెండు మూడు సెకన్లు వెనకబడితే చాలు, వాళ్ళ మాట మొదలు నీకు దొరకదు, నీ మాట చివర వాళ్ళకు దొరకదు. గీతలు కనిపిస్తాయి. అక్షరాలు రావు.

ఊళ్ళలో కంప్యూటర్లు ఇంటర్నెట్ చూసి తమ గడియారాన్ని తామే దిద్దుకుంటాయి. మీ తోటలో దానికి దిక్కు లేదు. రోజూ కొద్దికొద్దిగా వెనకబడి ఉంటుంది. అందుకే నీ వాళ్ళు ఒక్కసారిగా మాయం కాలేదు, మెల్లగా తగ్గారు.

చిన్నమ్మ దగ్గరున్నది బటన్ల ఫోన్, అందులో సెకన్లు కనిపించవు. అందుకని అందరూ నమ్మే గడియారం ఏదైనా చూసి కంప్యూటర్‌ను దానికి కలుపు. ఒక్క సెకను కూడా తేడా రాకూడదు.

అప్ప నీ ఉత్తరం చదివాడు. మండీ దగ్గరికి వచ్చేసరికి నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నిన్న పని నుంచి వస్తుంటే బెంగళూరు రైలులో మారికుప్పం దాకా కూర్చోవడానికి చోటు దొరికిందట. ఇంటికి రాగానే ఆ మాటే చెప్పాడు.

దూడకు నా పేరు పెట్టనందుకు కృతజ్ఞతలు.

నేత్ర

*

రాయల్పాడు
28 జూలై 2025

అమ్మా నేత్రా,

నువ్వు చెప్పినట్టే చేసినా. ఫలితం లేదు. జరిగినాది జరిగినట్టు రాస్తా.

మా ఇంట్లో గోడ గడియారం మీ చిన్నమ్మ గంగది. పొద్దున డైరీకి పాలు పోసేది ఆలస్యం కాకూడదని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకుంటాది. పది నిమిషాలు ముందుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకని ఇద్దరమూ పది నిమిషాలు ఆలస్యంగానే లేస్తాము. దాన్ని నమ్మేది ఆవులు మాత్రమే. అందుకని అది వద్దనుకున్నా.

అందరూ నమ్మేది అంటివి. నాకు తెలిసి అట్లాంటిది మైను సైరన్, మన సంగు ఒక్కటే. మన మైన్లలో షిఫ్టు సంగు కూస్తే నందిదుర్గం షాఫ్టు నుంచి మారికుప్పం దాకా ఇంటింటా గడియారం సర్దుకునేవాళ్ళు. చేతికి వాచీ ఉన్నోడు కూడా సంగు విని ముల్లు తిప్పుకునేవాడు. మీ అప్పా నేనూ దాని కూతకే నిద్ర లేచినాము, దాని కూతకే అన్నం తిన్నాము. అది తప్పినాదని నేను పుట్టినాక వినలేదు.

ఇక్కడ మైను లేదు. పాల డైరీ మిద్దె పైన సైరన్ ఉండాది. సెక్రెటరీ తిమ్మరాయప్ప టీవీలో టైము చూసి ఒత్తుతాడు. "సెకను తప్పితే నా మీసం తీసేస్తా ఓబలప్పా" అన్నాడంట. నాకు వినబడదు గదా, అందుకని గంగను కంచె కాడ నిలబెట్టినా. కూత వినబడతానే ఆమె కొంగు ఊపల్ల, నేను కిటికీలో చూసి మీట నొక్కల్ల. మొదటి దినం సైరన్‌కు ముందే ఊపినాది. ఏమే అంటే, కందిరీగ వచ్చిందంట. రెండో దినం కరెంటు లేక సైరన్ కూయలేదు, పాపం చీకటి పడేదాకా నిలబడినాది. మూడో దినం అన్నీ కుదిరినాయి.

అక్షరాలు రాలేదు.

సంగు తప్పు కాదు. గంగ తప్పు కాదు. ఇంగ మిగిలింది నేనే గదమ్మా. నువ్వు సుమ్నే, ఊరికినే శ్రమ పడొద్దు. చవితి పోయినాక నందీశ్ వస్తాడు.

ఓబలప్ప

*

రాబర్ట్‌సన్‌పేట
3 ఆగస్టు 2025

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి కంచె దగ్గర చిన్నమ్మ నిలబడటం కళ్ళకు కట్టింది. నవ్వు వచ్చింది, తర్వాత మరేదో వచ్చింది.

సంగు తప్పలేదు. తిమ్మరాయప్ప మీసం కూడా ఉండనీ. కానీ డైరీ మీకు కిలోమీటరు దూరం. కూత అక్కడ మొదలై కంచె దాకా నడిచి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లలో రేడియో తరంగమైతే చంద్రుడి దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తుంది. షిఫ్టుకు వెళ్ళే మనిషికి మూడు సెకన్లు లెక్క కాదు. ఈ ప్రోగ్రాంకు అదే పెద్ద దూరం. పైగా చిన్నమ్మ చెయ్యి లేవడానికీ, నువ్వు చూసి మీట నొక్కడానికీ ఇంకొంచెం ఆలస్యం అవుతుంది.

ఒక వింత చెప్పనా? చిన్నమ్మ గడియారంలోని పది నిమిషాలు అసలు ఏ అడ్డమూ కాదు. ప్రోగ్రాం వంతు ఎక్కడ మొదలైందో మాత్రమే చూస్తుంది. నిమిషాల జోలికి పోదు. ప్రపంచంలో అందరికంటే పది నిమిషాలు ముందు బతుకుతూ కూడా వాళ్ళతో హాయిగా మాట్లాడవచ్చు. సెకన్లు కలిస్తే చాలు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. అందులో నల్ల బిళ్ళ ఒకటి, తోకలాగా పొడుగు వైరుతో ఉంటుంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. పైన తిరిగే ఉపగ్రహాల నుంచి సమయం పట్టుకుని కంప్యూటర్‌కు చెబుతుంది. పెన్‌డ్రైవ్‌లో దానికి కావలసిన ప్రోగ్రాం ఉంది. ఎలా ఎక్కించాలో వేరే కాగితం మీద బొమ్మలు వేసి రాశాను. బిళ్ళను కంప్యూటర్‌కు తగిలించి, కాసేపు ఓపిక పట్టండి.

ఇక్కడ వానలు లేవు. బేతమంగళ నుంచి వచ్చే అటెండరు ఆంటీ, అక్కడి చెరువులో నీళ్ళు బాగానే ఉన్నాయంటోంది. నాకు తెచ్చిన సీతాఫలం ఇంకా గట్టిగానే ఉంది.

నందీశ్ గారికి ఇంకా ఏమీ చెప్పొద్దు. దయచేసి.

నేత్ర

*

రాయల్పాడు
12 ఆగస్టు 2025

నేత్రా,

పొట్లం వచ్చినాది. ఉత్తరం గంగకు చదివి వినిపించినా. అదే నేను చేసిన తప్పు.

"నా చెయ్యి ఆలస్యమంటనా?" అన్నాది. "నాలుగు ఆవులు పిండి, పేడ ఎత్తి, నీకు సంగటి గెలికి పెట్టి, తొలి క్యానుతో డైరీ కాడ నిలబడేది ఎవరు? ఆ పిల్ల లైబ్రరీలో కూర్చోని నా చేతికి టైము కడతాందా?" అని రెండు దినాలు మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినబడదు గదా అంటే ఇంగా కోపం వచ్చినాది.

ఆ బిళ్ళ సంగతి. మా ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా గంగ ముందు దేవుని గూట్లో పెడతాది. టార్చిలైటు వచ్చినా, మోటారు స్టార్టరు వచ్చినా అంతే. పసుపు కుంకుమ పెట్టినాది. ఒకసారి బొట్టు పెట్టినాక దాన్ని యాడంటే ఆడ పెట్టకూడదంట. వైరు పొడుగే ఉండాది, అందుకని గూట్లోనే పెట్టి కంప్యూటర్‌కు తగిలించినా. నీ కాగితం చూసి ప్రోగ్రాం ఎక్కించినా. అది ఇంగ్లీషులో ఏమీ దొరకలేదని చెప్తా ఉండాది. నీ మాట ప్రకారం ఓపిక పట్టినా. నాలుగు దినాలు పట్టినా.

మన గూడు నువ్వు చూసినావు గదా, రెండడుగుల రాతిగోడలో ఉండాది. గోడ అడ్డమేమో, మిద్దెపైన పెడదామా అంటే, "కుంకుమ పెట్టినదాన్ని కాకులు తొక్కే చోట పెడతావా?" అన్నాది.

చాలమ్మా. నీకు నా మీద ఉండే ప్రేమ నాకు తెలుసు. దానికోసం ఇంట్లో ఆడమనిషిని నొప్పించలేను. నందీశ్‌కు రమ్మని మళ్ళా చెప్పి పంపినా.

ఓబలప్ప

*

రాబర్ట్‌సన్‌పేట
17 ఆగస్టు 2025

ఈ ఉత్తరం చిన్నమ్మకు. చిన్నాయనా, ఒక్క మాట కూడా వదలకుండా చదివి వినిపించు.

చిన్నమ్మా,

నీ చెయ్యి ఆలస్యమని నేను అనలేదు, కానీ రాసింది చూస్తే అలాగే ఉంది. ఎవరి చెయ్యి అయినా అంతే అని రాయాల్సింది. నువ్వు రెండు రోజులు మాట్లాడలేదని చిన్నాయన నాకు రాశాడు. నా మీద కోపం నా మీదే చూపించు, నేను వచ్చినప్పుడు.

నువ్వు ఆ బిళ్ళకు బొట్టు పెట్టడం నాకు నచ్చింది. అది అలాగే ఉండాలి. కానీ అది ఆకాశాన్ని చూడాలి. నేరుగా ఆకాశం కనిపించకపోతే దానికి ఏమీ తెలియదు. మనిషిని చీకటి గదిలో పెట్టి సూర్యుడు ఎక్కడున్నాడని అడిగినట్టు ఉంటుంది. ఆ సంగతి మొదటే రాయలేదు, నాకు తెలిసినదంతా నీకూ తెలుసనుకున్నాను.

మిద్దెపైన వద్దన్నావు. సరే. మీ పెరట్లో కిటికీకి ఎదురుగా తులసి కోట ఉంది కదా. అది దేవుని చోటే. పైన కప్పు లేదు. రోజూ నువ్వు కడిగి ముగ్గు వేసే చోటు, కాకి వాలితే నువ్వు ఊరుకోవు. అక్కడ పెట్టవచ్చునా? వద్దంటే ఇంక అడగను.

చిన్నాయనకు చెవులు పోయాక నువ్వు ఒక్కదానివే ఆయనతో మాట్లాడుతున్నావు. అరిచి అరిచి నీ గొంతు ఎలా ఉందో వేసవిలో విన్నాను. ఆ డబ్బా ఉంటే రోజులో కొంతసేపైనా నువ్వు అరవనక్కర్లేదు. ఆయన కోసం అడిగేది సగమే, మిగతా సగం నీ కోసం.

నీ నేత్ర

*

రాయల్పాడు
1 సెప్టెంబర్ 2025

అమ్మా నేత్రా,

కూర్చోని చదువు.

నీ ఉత్తరం గంగ మూడు సార్లు చదివించుకునె. అరిచే మాట కాడికి వచ్చినప్పుడు మూడు సార్లూ లేచి పొయ్యి కాడికి పోయె. ఆఖరుకు వచ్చి, "తులసమ్మ కాడ అని మొదట్లోనే చెప్తే నాకేం అడ్డం? మీ మొగోళ్ళకు మిద్దె తప్ప ఇంగేమీ కనిపించదు" అన్నాది. తిట్టు నాకు, మంచిమాట నీకు. అయితే ఆ దినమే పెట్టలేదు. అమావాస్య పోనీ అన్నాది. ఆపైన చవితి పండగ పని. నాకు ఆశ లేదు, ఆమెకు తీరిక లేదు.

నిన్న ఆదివారం నందీశ్ రానే వచ్చినాడు, పెద్ద అట్టపెట్టె, తాడు పట్టుకోని. గంగ సంగటి, అవరేకాయ పులుసు పెట్టినాది. అతడు తినేలోపల గంగ ఏమనుకున్నాదో ఏమో, గూట్లోనుంచి బిళ్ళ తీసి, వైరు కిటికీలోనుంచి బయటికి ఇచ్చి, తులసి కోట మీద పెట్టినాది. వాన పడకుండా పెరుగు డబ్బా బోర్లించినాది. నేను రేడియో వైర్లు విప్పబోతా ఉంటే నా చెయ్యి మీద కొట్టి, "ఉండు. పిల్ల అడిగినాది. చూసి ఇయ్యి" అని చెవిలో అరిచినాది.

నందీశ్ చెయ్యి కడుక్కోకుండానే వచ్చి పక్కన నిలబడె. కాసేపు ఏమీ లేదు. తర్వాత తెర కింద ఉండే గడియారం ఒక్క గంతు వేసినాది. మేము ముగ్గురమూ చూసినాము.

తర్వాతి వంతుకు అక్షరాలు వచ్చినాయి. ఒక వరస కాదు నేత్రా, తెర నిండా. జపాన్, ఇండోనేషియా, రష్యా, ఇంగ యాడాడనో. ఒక్కొక్కరి పక్కనా మన గడియారానికీ వాళ్ళ గడియారానికీ తేడా చూపించే అంకె ఉంటాది గదా, వరసగా సున్నాకు ఆనుకోని ఉండాయి. వాళ్ళంతా అక్కడనే ఉండారమ్మా. యాడికీ పోలేదు. నేను లేని మూడు నెలలూ మాట్లాడతానే ఉన్నట్టుండారు.

నందీశ్ నా భుజం తట్టినాడు, పిలువు అని. పిలిచినా. ఒక వంతు పోయినాది. ఆపై వంతుకు ఇండోనేషియా ఆయన నా కాల్ సైన్, నా రేడియో పేరు, రాసి, నా సిగ్నల్ ఎంత బలంగా వస్తా ఉండాదో రాసినాడు. ఎవరన్నా నా పేరు పిలిచి ఎన్నాళ్ళాయెనో నాకు గుర్తు లేదు.

గంగకు చదువు రాదు గదా. "ఏమంట? ఏమంటాడు?" అని నా చెయ్యి ఊపుతా ఉండాది. "నువ్వు వినబడతా ఉండావు అంటాడు" అని చెప్పినా. ఆమె పెరట్లోకి పోయినాది. చాలాసేపు రాలేదు.

నందీశ్ అట్టపెట్టె చూసుకోని నవ్వినాడు. ఒక కాగితం మీద రాసి చూపించినాడు: "అన్నా, పెట్రోలు పోసుకోని వచ్చినా, నీ సంతోషం చూసేకి." గంగ ఒప్పుకోలేదు. ఖాళీ పెట్టె వాకిలి దాటకూడదంట. రెండు గుమ్మడికాయలు పెట్టి తాడుతో కట్టి పంపినాది.

వచ్చే నెల నుంచి తన పిల్లోళ్ళను ఇక్కడికే పంపిస్తానన్నాడు, చూసి నేర్చుకునేకి. రానీ.

ఓబలప్ప

గంగ అంటాది: దూడకు నీ పేరే పెట్టినా, మీ చిన్నాయన వద్దన్నా వినలేదు.

*

రాబర్ట్‌సన్‌పేట
7 సెప్టెంబర్ 2025

చిన్నాయనకూ చిన్నమ్మకూ,

ఉత్తరం లైబ్రరీలో చదివాను, నిలబడే. నువ్వు కూర్చోమన్నావు, కానీ పోస్ట్‌మ్యాన్ ఇచ్చిన చోటే చింపాను.

గ్లోబు మీద ఇండోనేషియా చుట్టూ గుర్తు పెట్టాను. ఒక చిన్న పిల్ల చూసి, "మిస్, అక్కడ మీ చుట్టాలు ఉన్నారా?" అంది. ఉన్నారన్నాను.

చిన్నమ్మా, బిళ్ళ మీద పెరుగు డబ్బా మంచి పని. స్టీలు గిన్నె మాత్రం ఎప్పుడూ పెట్టకు, లోహం దానికి గోడలాంటిదే. చిన్నాయనా, రేడియో పెట్టగానే వాళ్ళ పేర్ల పక్కనున్న తేడా అంకెలు ఒకసారి చూడు. వరసగా అందరివీ ఒకే వైపు పెరుగుతుంటే తేడా వాళ్ళలో లేదు, నీ గడియారంలో ఉంది. ఒక్కడిది మాత్రమే ఎక్కువగా ఉంటే, పాపం అతనిది తప్పింది. అతనికీ ఎవరో ఒకరు ఉత్తరం రాస్తే బాగుండును.

సోమవారం ప్రార్థనలో ఒక పేజీ చదివాను. వెనక వరస వాళ్ళకు వినిపించి ఉండదు. సిస్టర్ నీళ్ళ గ్లాసు చేతికి ఇచ్చారు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నా పేరు గల దూడను చూడాలి. చిన్నమ్మ గడియారం ప్రకారం పది నిమిషాలు ఆలస్యంగా దిగుతాను.

నేత్ర

ఆదివారం అప్ప కూడా నాతో వస్తున్నాడు. చిన్నాయన పక్కన కూర్చుని ఆ ప్రోగ్రాం నేర్చుకోవాలట. కారణం రాయొద్దన్నాడు, అయినా రాస్తున్నాను. మార్చి నుంచి అప్పకూ వినిపించడం లేదు.